ట్రాక్టరు ట్రైలరు - బరువు, లైసెన్సు నిబంధనలు
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పంట కోతల కాలము వచ్చినదనగా గ్రామ సర్పంచులకు ఒక కబురు తరచుగా వచ్చుచుండును. ఊరివారి ట్రాక్టరును దారిలో పోలీసువారు ఆపినారు, కాటాకు తోలుమనుచున్నారు, తోలుచున్న కుర్రవాని వద్ద లైసెన్సు లేదనుచున్నారు, కావున తాము వెంటనే వచ్చి ఒక మాట చెప్పి బండిని విడిపింపవలెను - ఇదియే ఆ కబురు. ఊరివారి మాట కాదనుట సర్పంచికి కష్టము. ఔనని బయలుదేరుదమన్నచో అక్కడ ఏమి మాటాడవలెనో, చట్టము ఏమి చెప్పుచున్నదో స్పష్టముగా తెలియదు. పొలమునుండి ఇంటికి ధాన్యము తెచ్చుకొను రైతును ఆపి తూచనేల, ఆతడేమి నేరము చేసినాడు అను ప్రశ్న మాత్రము అందరి నోటను వినిపించును.

ఈ ప్రశ్న సహజమైనదే. దానికి తగిన సమాధానము కూడ కలదు. ట్రైలరు బరువును గురించియు, దానిని లాగు ట్రాక్టరును నడుపువారి లైసెన్సును గురించియు చట్టము విధించిన నియమములను, వానిని అమలుజరుపు అధికారుల అధికారములను, ఆ అధికారములకు గల హద్దులను పంచాయతీ సభ్యుల సౌకర్యార్థము ఇచ్చట వివరింపదలచినాము.

మరువరాని రెండు సంఘటనలు

2018 ఏప్రిల్ 6వ తేదీన నల్లగొండ జిల్లా వద్దిపట్ల సమీపమున కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడిపోగా 9 మంది మరణించిరి. అదే సంవత్సరము జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము వేములకొండ సమీపమున పొలము పనులకు పోవుచున్న మరియొక ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడగా 15 మంది ప్రాణములు కోల్పోయిరి. ఈ రెండింటను మరణించినవారిలో అత్యధికులు రెక్కాడిన గాని డొక్కాడని ఆడకూలీలు. మూడు మాసములైన గడువకముందే, ఇరుగుపొరుగు జిల్లాలలో, ఇంచుమించు ఒకే విధముగా ఇన్ని కుటుంబములు దిక్కులేనివైనవి.

నిబంధనల అమలు అనగా కేవలము జరిమానాల వసూలు అని భావించువారు ఈ రెండు తేదీలను జ్ఞప్తియందుంచుకొనవలెను. రహదారిపై బండిని ఆపి ప్రశ్నించుటలోని అసలు ఉద్దేశ్యము ఇట్టి మరణములను నివారించుటయే.

చట్టము దృష్టిలో ట్రైలరు

మన దేశమున రహదారి వాహనములకు వర్తించు ప్రధాన శాసనము 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. ఇది 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 2019లో దీనిని గణనీయముగా సవరించి, పెక్కు శిక్షలను పెంచినారు. ఆ సవరణలలో అధికభాగము 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనున్నవి.

ఈ చట్టము ప్రకారము ట్రాక్టరు స్వయముగా బరువును మోయుటకై నిర్మింపబడినది కాదు. అది లాగుటకు ఉద్దేశింపబడినది. దాని వెనుక తగిలించు బండి ట్రైలరు. దీనినే మనము ట్రక్కనియు, ట్రాలీయనియు పిలుచుచున్నాము. దీనికి ఇంజను లేకున్నను చట్టము దీనిని మోటారు వాహనముగనే పరిగణించుచున్నది. కావున ట్రాక్టరును రిజిస్టరు చేయించిన మాత్రమున సరిపోదు. ట్రైలరుకును ప్రత్యేకముగా రిజిస్ట్రేషను ఉండవలెను. దాని నంబరు దానిపై కనబడవలెను. ఊరి కమ్మరి వద్దనో పట్టణములోని షెడ్డులోనో చేయించి, రిజిస్ట్రేషను లేకయే సంవత్సరముల తరబడి త్రిప్పుచున్న ట్రైలరులు మన గ్రామములలో లేకపోలేదు. ఇవి పొలములో ఉన్నంతవరకు ఎవరికిని కనబడవు. రహదారి ఎక్కిన క్షణమునుండి చట్టవిరుద్ధములు.

సొంత వ్యవసాయమునకు వాడు ట్రాక్టరును కేంద్ర మోటారు వాహనముల నియమావళి రవాణా వాహనముగా పరిగణించుట లేదు. ఇది రైతునకు కల్పించిన సౌకర్యము. కాని అదే ట్రాక్టరుకు ట్రైలరు తగిలించి కిరాయికి ఇసుక, ఇటుక, కంకర తోలినచో పరిస్థితి మారిపోవును. సరుకులు చేరవేయు ట్రాక్టరు ట్రైలరుల జోడి సరుకుల వాహనమే యని సుప్రీముకోర్టు 2005లో కర్ణాటకమునుండి వచ్చిన ఒక వ్యాజ్యమున స్పష్టపరచినది. వ్యవసాయము పేరున రిజిస్టరైన బండిని వ్యాపారమునకు వాడువారు ఈ భేదమును గుర్తింపవలెను.

లైసెన్సు ఎవరికి ఉండవలెను?

ట్రాక్టరును రహదారిపై నడుపుటకు 18 సంవత్సరములు నిండి, తగిన లైసెన్సు కలిగియుండవలెను. ఖాళీ బరువు 7,500 కిలోలకు మించని ట్రాక్టరు తేలికపాటి మోటారు వాహనముల తరగతికి చెందును. మన గ్రామములలోని ట్రాక్టరులన్నియు దాదాపుగా ఈ తరగతిలోనివే. ట్రాక్టరు లైసెన్సు గలవాడు దానికి ట్రైలరు తగిలించినంత మాత్రమున ఆ లైసెన్సు చెల్లకుండ పోదని సుప్రీముకోర్టు 2001లో తీర్పు చెప్పినది. తేలికపాటి వాహనముల లైసెన్సు గలవారు 7,500 కిలోల మొత్తపు బరువుకు లోబడిన రవాణా వాహనములను కూడ నడుపవచ్చునని 2024 నవంబరు 6వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. కావున సక్రమమైన లైసెన్సు గల రైతు నిశ్చింతగా ఉండవచ్చును.

చిక్కు వచ్చుచున్నది లైసెన్సు లేనివారి విషయముననే. పదునాలుగు, పదునైదు ఏండ్ల బాలురు ట్రాక్టరు నడుపుట మన పల్లెలలో గొప్పగా చెప్పుకొనుట కలదు. బాలుని నేర్పును మేము తక్కువ చేయుట లేదు. కాని పొలములో దున్నుటకు చాలిన నేర్పు, ఎదురుగా లారీలు వచ్చు రహదారిపై నాలుగు టన్నుల బరువును లాగుటకు చాలదు. 2019 సవరణ ప్రకారము మైనరు బాలుడు నేరము చేసినచో తల్లిదండ్రులు లేదా వాహన యజమాని దోషులుగా పరిగణింపబడుదురు. తమకు తెలియకుండ జరిగినదనియో, నివారించుటకు తగిన శ్రద్ధ వహించితిమనియో నిరూపించుకొన్ననే తప్ప, వారికి మూడు సంవత్సరములవరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. వాహనపు రిజిస్ట్రేషను 12 మాసములు రద్దగును. ఆ బాలునకు 25 సంవత్సరములు వచ్చువరకు లైసెన్సు లభింపదు. ఒక్క నాటి తొందరకు బాలుని జీవనోపాధి ఏండ్ల తరబడి వెనుకబడును.

లైసెన్సు లేక నడిపినవారికి 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు మాసములవరకు కారాగారము, లేదా రెండును విధించుటకు చట్టము వీలుకల్పించుచున్నది. అట్టివారికి బండిని అప్పగించిన యజమానికి కూడ ఇంతే శిక్ష కలదు.

ఒకే తొట్టి - మూడు బరువులు

బరువు విషయమున గ్రామస్థులలో ఒక పొరపాటు అభిప్రాయము కలదు. తొట్టి అంచువరకు నింపుట న్యాయమైన బరువనియు, అంచు దాటినప్పుడే అధిక బరువనియు పలువురు భావించుచున్నారు. చట్టము తొట్టి అంచును చూడదు. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన మొత్తపు బరువును చూచును. బండి ఖాళీ బరువును సరుకు బరువును కలిపి ఆ అంకెను మించరాదు.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక ట్రైలరు తొట్టి పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు అనుకొందము. దానిలో 3.24 ఘనపు మీటర్ల సరుకు పట్టును. దాని ఖాళీ బరువు 1.5 టన్నులు, పత్రములో వ్రాసిన మొత్తపు బరువు 5 టన్నులు అనుకొనినచో, సరుకునకు మిగిలినది 3.5 టన్నులు మాత్రమే.

విడిగా పోసిన ధాన్యము ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు తూగును. తొట్టి నిండుగా పోసినను రెండు టన్నులు కాదు. కావున ధాన్యము తోలు రైతు హద్దులోనే ఉన్నాడు. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగును. అదే తొట్టిని నింపినచో 5.2 టన్నులగును, అనగా పరిమితికంటె 1.7 టన్నులు అధికము. ఏటినుండి అప్పుడే తీసిన తడి ఇసుక ఘనపు మీటరుకు దాదాపు 2,000 కిలోలు తూగును. అప్పుడు తొట్టిలోని బరువు 6.5 టన్నులకు చేరి, పరిమితిని 3 టన్నులు మించును. కంటికి మూడు బండ్లును ఒకే తీరున కనబడును. కాటా మాత్రమే భేదమును చెప్పగలదు.

పై తొట్టిలో పొడి ఇసుక 40 సెంటీమీటర్ల ఎత్తువరకు, తడి ఇసుక 32 సెంటీమీటర్ల ఎత్తువరకు పోసినచో బరువు హద్దులో ఉండును. ఇటుక ఒక్కటి సుమారు 3 కిలోలు తూగును గావున 1,150 ఇటుకలు మించరాదు. ప్రతి యజమానియు తన పత్రములోని అంకెలతో ఇట్లే లెక్క కట్టి, తొట్టి లోపలివైపున రంగుతో ఒక గీత గీయించినచో కూలీలకును డ్రైవరుకును తెలియును. ఖర్చు స్వల్పము, ప్రయోజనము గొప్పది.

ఈ హద్దు ఎందులకు?

మొదటి కారణము బ్రేకులు. మన సాధారణపు ట్రాక్టరులకు వెనుక చక్రములకే బ్రేకులు ఉండును. పెక్కు ట్రైలరులకు బ్రేకులే ఉండవు. కావున ట్రైలరులోని బరువునంతను ట్రాక్టరు వెనుక చక్రములే ఆపవలెను. బరువు రెట్టింపైనచో ఆపవలసిన శక్తియు రెట్టింపగును. వేగము రెట్టింపైనచో ఆ శక్తి నాలుగింతలగును. పల్లమునకు దిగునప్పుడు అధిక బరువుగల ట్రైలరు ట్రాక్టరును ముందునకు త్రోయును. మలుపులో ప్రక్కకు త్రోసి బోల్తా కొట్టించును.

పొలములో మలుపు తిరుగుటకు వీలుగా ట్రాక్టరునకు ఎడమ, కుడి చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్ళు ఉండును. రహదారి ఎక్కునప్పుడు ఈ రెంటిని కలిపి గడియ వేయవలెను. వేయనిచో ఒక్క ప్రక్క బ్రేకు మాత్రమే పడి బండి గిర్రున తిరుగును. ఈ చిన్న గడియను మరచుట పెద్ద ప్రమాదమునకు దారితీయును.

రెండవ కారణము బరువు పడు స్థానము. రెండు చక్రముల ట్రైలరులో కొక్కెముపై మితిమీరిన బరువు పడినచో ట్రాక్టరు ముందు చక్రములు నేలను సరిగా అంటవు. అప్పుడు స్టీరింగు త్రిప్పినను బండి మాట వినదు.

మూడవ కారణము రహదారి. ఇది పంచాయతీ సభ్యులు ముఖ్యముగా ఆలోచింపవలసినది. అమెరికాలోని ఇలినాయి రాష్ట్రమున 1958 నుండి 1960 వరకు జరిపిన గొప్ప రహదారి పరీక్షలో, ఇరుసుపై బరువు పెరిగిన కొలది రోడ్డుకు కలుగు నష్టము అంతకంటె ఎన్నో రెట్లు పెరుగునని తేలినది. ఇరుసు బరువు రెట్టింపైనచో నష్టము సుమారు పదునారు రెట్లగునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. తేలికపాటి రాకపోకలకై వేసిన మన గ్రామపు రోడ్డు అధిక బరువుగల ఇసుక బండ్లు ఒక్క వేసవి తిరిగినచో గోతులమయమగుచున్నది. ఆ గోతులలో పడునది బడికి పోవు పిల్లల సైకిలు, ఆసుపత్రికి గర్భిణిని తీసికొనిపోవు ఆటో.

తనిఖీ అధికారుల అధికారములు - హద్దులు

యూనిఫారములో నున్న ఏ పోలీసు అధికారి అడిగినను డ్రైవరు తన లైసెన్సును చూపవలెను. రిజిస్ట్రేషను, భీమా పత్రములను కూడ చూపవలసియుండును. 2018లో నియమావళికి చేసిన సవరణ ప్రకారము డిజిలాకరు, ఎమ్‌పరివాహన్ వంటి ప్రభుత్వ ఏర్పాటుల ద్వారా సెల్‌ఫోనులో చూపు పత్రములును చెల్లును. కావున పత్రములు ఇంటివద్ద మరచితిమను మాటకు ఇప్పుడు అవసరము తక్కువ.

బరువు తూయించు అధికారము మోటారు వాహనముల శాఖ అధికారులకును, రాష్ట్ర ప్రభుత్వము ఇందుకై అధికారమిచ్చిన ఇతరులకును కలదు. అధిక బరువు ఉన్నదని నమ్ముటకు కారణమున్నప్పుడు వారు బండిని కాటాకు తోలుమని ఆదేశింపవచ్చును. అయితే ఎంత దూరమైన పొమ్మనుటకు వీలులేదు. ఆ కాటా బండి ముందునకు పోవు దారిలోని ఏ స్థలమునకైనను 10 కిలోమీటర్లలోపునగాని, చేరవలసిన గమ్యమునకు 20 కిలోమీటర్లలోపునగాని ఉండవలెనని 114వ సెక్షను చెప్పుచున్నది. అధిక బరువు తేలినచో, ఆ అదనపు సరుకును దింపుమని వ్రాతపూర్వకముగా ఉత్తరువు ఇవ్వవచ్చును. అది దింపువరకు బండి కదలరాదు. దింపిన సరుకు బాధ్యత డ్రైవరుదే.

అధికారి లైసెన్సును స్వాధీనము చేసికొన్నచో తాత్కాలికముగా ఒక రసీదు ఇవ్వవలెను. లైసెన్సు తిరిగి వచ్చువరకు ఆ రసీదుతోనే బండి నడుపవచ్చును. చెల్లించు ప్రతి రూపాయికి రసీదు అడిగి తీసికొనుట పౌరుని హక్కు. రసీదు లేని చెల్లింపు జరిమానా కాదు. అట్టిది ఇచ్చుట, పుచ్చుకొనుట రెండును తప్పే. ఆరోపణ అన్యాయమని తోచినచో రోడ్డుపై వాదులాటకు దిగుట కంటె న్యాయస్థానమున చెప్పుకొనుట మేలు.

అధిక బరువునకు 2019 సవరణ విధించిన జరిమానా 20,000 రూపాయలు. అదనపు ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు. దింపుడు ఖర్చులు వేరు. ఆపుమన్నను ఆపక, కాటాకు పోక పారిపోయినచో, లేక తూచకముందే దారిలో సరుకును పారబోసినచో జరిమానా 40,000 రూపాయలు. తొట్టి ప్రక్కలకుగాని, ముందు వెనుకలకుగాని, హద్దు మించిన ఎత్తుకుగాని గడ్డి, పత్తి, చెరకు వంటి సరుకు పొడుచుకొనివచ్చునట్లు నింపినను 20,000 రూపాయల జరిమానా కలదు. న్యాయస్థానమునకు పోకయే చెల్లించు రాజీ రుసుములను ఆయా రాష్ట్ర ప్రభుత్వములు నోటిఫికేషను ద్వారా నిర్ణయించును.

భీమా ఉన్నదను ధైర్యము

మాకు భీమా ఉన్నది గదా అని ధైర్యపడువారు ఒక వ్యాజ్యమును తెలిసికొనవలెను. ఇటుకల బట్టీకి మట్టి తోలు ట్రాక్టరు ట్రాలీలో పోవుచున్న ఒక కూలివాడు క్రిందపడి గాయపడినాడు. ఆ ట్రాక్టరుకు వ్యవసాయపు పనుల నిమిత్తమే భీమా కలదు. భీమా కంపెనీకి బాధ్యత లేదని 2007లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. అయినను ఆ కూలివాని పేదరికమును గమనించి, పరిహారమును ముందుగా కంపెనీయే చెల్లించి, పిదప ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొనుమని ఆదేశించినది.

దీని భావమేమి? సరుకులకై ఉద్దేశించిన ట్రైలరులో మనుష్యులను ఎక్కించినచో, వ్యవసాయమునకై భీమా చేసిన బండిని వేరొక పనికి వాడినచో, ప్రమాదము జరిగిననాడు యజమాని తన ఇల్లు, పొలము అమ్మియైనను పరిహారము చెల్లింపవలసి రావచ్చును. కూలివాడును, యజమానియు ఒకే దెబ్బకు నష్టపడుదురు.

పంచాయతీ కూడ యజమానియే

తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చబడినవి. ఆంధ్రప్రదేశమునను సొంత ట్రాక్టరులు గల పంచాయతీలు కలవు. ఈ బండ్ల విషయమున పంచాయతీయే యజమాని యని సభ్యులు మరువరాదు. అధిక బరువు నేరములో డ్రైవరు యజమాని కానప్పుడు, అది యజమానికి తెలిసియే, లేదా యజమాని ఆజ్ఞవలననే జరిగినదని న్యాయస్థానము భావించుటకు చట్టము అవకాశమిచ్చుచున్నది. 5,000 లీటర్ల ట్యాంకరులో నీటి బరువే 5 టన్నులు. చెత్త బండి తేలిక గదా యని అందు ఒకనాడు కంకర నింపుట, డ్రైవరు రానిదినమున ఊరిలోని ఎవరో ఒకరిని ఎక్కించుట వంటివి పంచాయతీకే ముప్పు తెచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ తన బండి డ్రైవరు లైసెన్సు గడువును, రిజిస్ట్రేషను, భీమా గడువులను ఒక రిజిస్టరులో వ్రాసియుంచి, ప్రతి సమావేశమున చూచుకొనవలెను. గ్రామములోని ట్రాక్టరు యజమానులను గ్రామసభకు పిలిచి ఈ నియమములను చదివి వినిపింపవలెను. తొట్టిలో గీత గీయుటను పంచాయతీ బండితోనే ప్రారంభించుట మంచిది. కోతలకు ముందు ప్రతి ట్రైలరు వెనుక రెండు ప్రక్కలను ఎర్రని రిఫ్లెక్టర్లు ఉన్నవో లేవో చూడవలెను; చీకటిలో దీపము లేక నిలిపిన ట్రైలరు వెనుకనుండి వచ్చు మోటారు సైకిలువానికి మృత్యువే. కాలువ గట్లపై నడచు దారులలో మలుపులవద్ద హద్దు రాళ్ళు నాటించుట, కూలీలను పనులకు చేర్చుటకు ఆటోలనో బస్సునో ఏర్పాటు చేసికొనుటకు రైతులను ప్రోత్సహించుట కూడ పంచాయతీ చేయగల పనులే.

ఇక సర్పంచికి వచ్చు ఆ కబురు మాట. ఈసారి వచ్చినప్పుడు సర్పంచి తప్పక వెళ్ళవలెను. కాని బండిని తూయకుండ విడిపించుటకు కాదు. కాటా చట్టము చెప్పిన దూరములో ఉన్నదా, దింపుడు ఉత్తరువు వ్రాతలో ఉన్నదా, చెల్లించిన సొమ్ముకు రసీదు ఇచ్చినారా అని చూచుటకు వెళ్ళవలెను. ఊరివాని హక్కును కాపాడుట ఎంత అవసరమో, అదనపు బరువును అక్కడే దింపించి ఊరివానిని క్షేమముగా ఇంటికి చేర్చుటయు అంత అవసరము. తూయకుండ విడిపించిన బండి ఆ సాయంకాలమే కాలువ మలుపు చేరవచ్చును. ఆ మలుపువద్ద సర్పంచి మాట సాయము ఎవరికిని పనికిరాదు.